లైప్‌జిగ్‌లో నర్సింగ్ ఔస్‌బిల్డుంగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి. డిపెండెంట్ వీసా మీద జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చి 14 నెలలైంది. ఇంటర్ బైపీసీ చేశాను, డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. జర్మన్ భాషలో బీ1 స్థాయి పాసై ఇప్పుడు దాని పై స్థాయి బీ2 క్లాసులకు వెళ్తున్నాను. నర్సింగ్ ఔస్‌బిల్డుంగ్, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణ కోర్సు, చేయాలని ఉంది. వయసు 31, ఈ వయసులో తీసుకుంటారా? పెళ్లయ్యాక ఆరేళ్లు ఇంట్లోనే ఉన్నాను. సీవీలో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు:

చెల్లీ, నీకంటే పెద్దదాన్ని, చనువుగా నువ్వు అనే రాస్తున్నా. నేను హానోఫర్‌లో ఇదే ఔస్‌బిల్డుంగ్‌లో చేరేటప్పటికి నాకు 34. వయసుకు పై హద్దేమీ లేదు. మా క్లాసులో ఇంటర్ పిల్లల వయసు వాళ్లూ ఉన్నారు, మనవళ్లున్న ఆవిడా ఉంది.

ముందు నీ రెసిడెన్స్ కార్డు తీసి చూడు. ‘ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్ ఎర్లౌబ్ట్’ అని ఉంటే ఏ పనైనా చేసుకోవచ్చని అర్థం. ఔస్‌బిల్డుంగ్ కోసం వేరే వీసా అక్కర్లేదు. టెన్త్, ఇంటర్ మెమోలు కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకుల చేత జర్మన్‌లోకి మార్పించి, మీ రాష్ట్రంలో విదేశీ సర్టిఫికెట్లు చూసే ఆఫీసుకు పంపు. ఇక్కడి పదేళ్ల బడి చదువుకు సమానమని వాళ్లు కాగితం ఇవ్వాలి. దానికి చాలా టైమ్ పట్టొచ్చు, అందుకే ఈ వారమే పంపమంటున్నా. బీ2 అయ్యాక చూద్దాంలే అని ఆగొద్దు.

ఇక సీవీ సంగతి. ఇక్కడ లేబెన్స్‌లౌఫ్‌లో, అంటే సీవీలో, ఖాళీ కనిపిస్తే తప్పకుండా అడుగుతారు. నేను మొదట్లో పెళ్లి తర్వాతి ఐదేళ్లు వదిలేశాను. ఒకే ఉత్తరం పేర్లు మార్చి ముప్పైకి పైగా ఆసుపత్రులకు పంపాను, ఒక్కరూ పిలవలేదు. చివరికి ఒకచోట పిలిచి, ఆ ఐదేళ్లు ఏం చేశారని అడిగారు. మా అత్తగారికి పక్షవాతం వస్తే మూడేళ్లు నేనే చూసుకున్నానని చెప్పాను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీపు మీద చర్మం ఎర్రబడిందేమో చూడటం, మింగడం కష్టమైనప్పుడు జావ చిక్కగా కాచి చెంచాతో పెట్టడం, అన్నీ వచ్చీరాని జర్మన్‌లోనే చెప్పాను. ఇంటర్వ్యూ చేస్తున్నావిడ పెన్ను కింద పెట్టి, ‘ఇది మీరు ఎందుకు రాయలేదు?’ అంది. ఆ రోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. మనం ఇంట్లో చేసిన చాకిరీని పని అనుకోం చెల్లీ, కానీ ఈ రంగంలో అదే అనుభవం. నీ ఆరేళ్లలో పెద్దవాళ్లనో, పిల్లలనో, జబ్బుమనిషినో చూసుకుని ఉంటే నెల, సంవత్సరం వేసి రాయి. ఏం చేశావో అన్‌ష్రైబెన్‌లో, అంటే సీవీతో పంపే ఉత్తరంలో, రెండు వాక్యాలు పెట్టు. లేనిది మాత్రం కల్పించొద్దు.

అప్లికేషన్ కంటే ముందు మీ దగ్గర్లోని వృద్ధాశ్రమానికి స్వయంగా వెళ్లి రెండు వారాల ప్రాక్టికుమ్, అంటే పని నేర్చుకునే ఇంటర్న్‌షిప్, అడుగు. డబ్బులు ఇవ్వకపోయినా చెయ్యి. నేను చేసినచోట పొద్దున ఆరుకల్లా ఊబర్‌గాబే, అంటే రాత్రి డ్యూటీ వాళ్లు పేషెంట్ల సంగతులు పొద్దుటి వాళ్లకు అప్పజెప్పడం. మొదటి రోజు చేతులు వణికే ఒకావిడకు ముక్కున్న కప్పుతో టీ తాగించమన్నారు. నేను కప్పు పట్టుకుని నేరుగా నోటికి అందించాను. పక్కనున్న నర్సు ఆపి, కప్పు ఆవిడ చేతిలోనే పెట్టి, కింద నుంచి తన చెయ్యి ఆనించింది. టీ ఆవిడే తాగింది. తను చేసుకోగలిగింది తననే చేసుకోనివ్వాలన్నది అక్కడే నేర్చుకున్నా, ఇంటర్వ్యూలోనూ అదే చెప్పా. ఇంకోటి, పేషెంట్లను ఎప్పుడూ జర్మన్‌లో ‘జీ’ (Sie) అనే పిలవాలి. మన ‘మీరు’ లాంటిదే, నీకు కష్టం కాదు.

సీట్ల కోసం అర్బైట్స్‌ఆగెంటూర్ (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) వెబ్‌సైట్‌తో పాటు ఒక్కో ఆసుపత్రి సొంత పేజీ కూడా చూడు. బ్యాచ్‌లు ఎక్కువగా ఏప్రిల్‌లో, ఆగస్టు నుంచి అక్టోబరు లోపు మొదలవుతాయి. ఆరు నెలల నుంచి ఏడాది ముందే అప్లై చెయ్యి. ఫుల్‌టైమ్ అయితే మూడేళ్లు: 2,100 గంటల క్లాసులు, 2,500 గంటల వార్డు పని. ఫీజు లేదు, వాళ్లే జీతం ఇస్తారు. ప్రభుత్వ రంగ వేతన ఒప్పందం పాటించే ఆసుపత్రుల్లో మొదటి ఏడాదే నెలకు 1,300 యూరోలు దాటుతుంది, పన్ను, ఇన్సూరెన్స్ కోతలకు ముందు. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. మీజిల్స్ టీకా రుజువు తప్పనిసరిగా అడుగుతారు, చిన్నప్పటి కార్డు దొరక్కపోతే డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకో.

మళ్లీ అడిగినది:

చాలా థాంక్స్ అక్కా. మా నాన్నమ్మను రెండేళ్లు నేనే చూసుకున్నాను, అది రాయొచ్చని అనుకోనే లేదు. బాబుకు మూడేళ్లు, షిఫ్టులు ఎలాగో అని భయం. ఇంకో మాట, మా తమ్ముడిని హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఔస్‌బిల్డుంగ్ సీటుకు లక్షల్లో అడుగుతున్నారు.

జవాబు:

తమ్ముడిని డబ్బు కట్టొద్దను. మనకు జీతమిచ్చే చోట సీటు కొనుక్కోవడమేంటి? ఆ డబ్బుతో జర్మన్ క్లాసులో చేరమను, వీసాకు మామూలుగా బీ1 అయినా ఉండాలి.

నీకు పార్ట్‌టైమ్ ఔస్‌బిల్డుంగ్ కూడా ఉంది, గరిష్ఠంగా ఐదేళ్లు. అన్నిచోట్లా పెట్టరు, కాబట్టి ఫోన్ చేసి ముందే అడుగు. బాబును పొద్దున ఎవరు కీటాలో (పిల్లల డేకేర్‌లో) దింపుతారో మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకో, ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రావచ్చు. నాన్నమ్మ గురించి నీ మాటల్లోనే జర్మన్‌లో రాసి నాకు పంపు. శనివారం నాకు డ్యూటీ లేదు, కూర్చుని దిద్దుతా.