షెల్టర్‌లో కుక్కపిల్ల నచ్చింది, మాదేమో మిద్దె మీద అద్దె ఇల్లు. తెచ్చుకోవచ్చా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మేం వేదాయపాళెంలో మిద్దె మీద పోర్షన్‌లో ఉంటాం. ఇద్దరు పిలకాయలు, మా ఆయన, అత్తమ్మ. పాత దుప్పట్లు ఇచ్చొద్దామని ఊరి బయట కుక్కల షెల్టర్‌కి వెళ్తే ఒక ఆడ కుక్కపిల్ల మమ్మల్ని వదల్లేదు. మూడు నెలలుంటాయన్నారు. లేత గోధుమ రంగు, ఒక చెవి నిక్కి, ఇంకోటి వాలి ఉంది. తల్లి నాటుది, తండ్రి ఎవరో తెలీదు. పాదాలు చూసి లాబ్రడార్ కలిసిందని అక్కడివాళ్ళ ఊహ. మా చిన్నోడి చెప్పు ఎత్తుకుని నీళ్ళతొట్టి చుట్టూ వాణ్ణి పరిగెత్తించింది. తీరా చెప్పు ఇచ్చేటప్పుడు చేతి మీద పళ్ళు గీరింది.

ఆటా, పొగరా ఇది? ఎండాకాలం మా మిద్దె పెనంలా కాలుతుంది, తట్టుకుంటుందా? ఇంటి ఓనరు సరేనన్నారు. అత్తమ్మ మాత్రం "వంటింట్లోకి వస్తే నేను ఊరెళ్ళిపోతా" అంటోంది.

ఒంగోలు గిత్త:
ముందు చిన్నోడి చెయ్యి చూడు తల్లీ, మిగతావి తర్వాత. కొద్దిగా తోలు లేచినా చాలు, సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. పిల్లకుక్కేలే అనుకోవద్దు, రేబిస్‌కి వయసుతో పనిలేదు.

పొగరు కాదు, ఆటే. ఈ వయసులో పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, ఆరేడు నెలల దాకా ఏదో ఒకటి నములుతూనే ఉంటుంది. చెయ్యి అందించకుండా ముడేసిన పాత గుడ్డ ఇవ్వండి. గట్టిగా పట్టిందా, కొట్టొద్దు, అరవొద్దు. ఆట ఆపేసి లేచి వెళ్ళిపోండి. అరిస్తే అదీ ఆటే అనుకుంటుంది. పిలకాయలకే ఇది నేర్పడం కష్టం!

కావలి మందులషాపు:
జాతి సంగతి వదిలేసి టీకా కార్డు అడగండి. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు దాటేదాకా బూస్టర్లు పడాలి. మూడు నెలలు నిండాక రేబిస్‌ది, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకి మళ్ళీ. నట్టల మందు ఎప్పుడు వేశారో కూడా రాయించుకోండి. నా భయమంతా పార్వో, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. చాలా కుక్కలు ఒకేచోట ఉంటే త్వరగా అంటుకుంటుంది. తిండి మానేసి, వాంతులై, విరేచనంలో రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించొద్దు.

ఒక్కసారిగా పాలు పోయొద్దు, కడుపు చెడుతుంది. షెల్టర్‌లో పెట్టిన తిండే పెడుతూ మెల్లగా మార్చండి.

దర్గామిట్ట అక్క:
పొట్టి బొచ్చయితే కొంత నయం. అలాగని మధ్యాహ్నం మిద్దె మీద కట్టెయ్యొద్దు. పగలు లోపల, ఫ్యాన్ కింద. నడకకి ఎండ ఎక్కకముందే తీసుకెళ్ళండి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకడం రోజూ పనే, వాటితోనే జ్వరం పట్టుకుంటుంది. చేపల పులుసు అన్నం మాత్రం పెట్టొద్దమ్మా. ముళ్ళ సంగతి అందరికీ తెలుసు, ఉల్లిపాయ కూడా దానికి విషమే. అత్తగారి వంటింటి షరతు దానికే మంచిది!

పెన్నాగట్టు:
చిన్నోడికి రక్తం రాలేదు కానీ తోలు గీరుకుంది. పెద్దాసుపత్రిలో టీకా మొదలుపెట్టారు, మిగతా డోసుల తేదీలు రాసిచ్చారు. షెల్టర్‌వాళ్ళు కార్డు చూపించారు. ఒక డోసే పడింది, రెండోది వేయించి శనివారం పంపిస్తామన్నారు. అత్తమ్మ వంటింటి గుమ్మానికి చెక్క అడ్డం కావాలంటోంది. రెండడుగులు చాలా?

ఒంగోలు గిత్త:
ఇప్పటికి చాలు. పాదాలు పెద్దవంటున్నావు కదా, ఆరు నెలలకి దూకేస్తుంది. వడ్రంగి ఎలాగూ వస్తాడు, నాలుగడుగులది కొట్టించు. మెట్ల దగ్గరకి కూడా ఇంకొకటి.