అప్‌డేట్: హాస్టల్ గదిలో బ్యాకప్ సంగతి తేలింది

ముగ్గురం ఉండే హాస్టల్ గదిలో బ్యాకప్‌కి నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల డబ్బా) కొనాలా, మామూలు డిస్క్ చాలా అని పోయిన నెల అడిగాను కదా. మీరు నాస్ వద్దన్నారు, మంచిదైంది. మా వైఫైకి బ్రౌజర్‌లో తెరుచుకునే లాగిన్ పేజీ ఉంటుంది, ఆ డబ్బా దానంతట అది లాగిన్ కాలేదు కాబట్టి తలనొప్పే అయ్యేది.

చివరికి 1 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (చిన్న, వేగమైన డిస్క్) కొని, విండోస్‌లో ఫైల్ హిస్టరీ (ఫైళ్లని వేరే డిస్క్‌లోకి కాపీ చేసే సదుపాయం) ఆన్ చేశాను. ఆదివారం బట్టలు నానబెట్టి డిస్క్ తగిలిస్తాను, ఉతికి ఆరేసి వచ్చేసరికి పని అయిపోతుంది. తర్వాత అది బీరువాలోకి, తాళం వేసి. ప్రాజెక్ట్ రిపోర్ట్, కోడ్ గూగుల్ డ్రైవ్‌లో కూడా ఉన్నాయి. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫొటోలు కూడా సర్దుకోవాలి కాబట్టి సినిమాలు పెట్టలేదు (పోతే పోయాయి).

"ఒక్కసారైనా ఫైల్ వెనక్కి తీసి చూశావా?" అని ఒకరు అడిగారు. చూస్తే గుండె జారిపోయింది: డి డ్రైవ్‌లోని ల్యాబ్ ఫోల్డర్ అసలు కాపీయే కాలేదు. ఫైల్ హిస్టరీ డెస్క్‌టాప్, లైబ్రరీల (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి విండోస్ ఫోల్డర్ల జాబితాలు) లాంటివే చూసుకుంటుందట. ఆ ఫోల్డర్‌ని డాక్యుమెంట్స్ లైబ్రరీలో చేర్చాక అదీ కాపీ అయింది.

డిస్క్‌కి పాస్‌వర్డ్ ఇంకా పెట్టలేదు. నాది విండోస్ హోమ్, అందులో బిట్‌లాకర్‌తో (డిస్క్‌కి పాస్‌వర్డ్ తాళం వేసే విండోస్ సదుపాయం) కుదరదు. అదే పని చేసే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్ సంగతి సెమిస్టర్ పరీక్షలయ్యాక చూస్తాను.