8 వాట్ల 300బి యాంప్, 4 ఓమ్‌ల స్పీకర్లు: మృదంగం దగ్గరే ఎందుకు తేలిపోతోంది?

నల్లకుంట శ్రోత

మిత్రులకు నమస్కారం. గత నెలలో 300బి ట్యూబుతో పనిచేసే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్ కొన్నాను. ఛానెల్‌కు 8 వాట్లు ఇస్తుంది. స్పీకర్లు మాత్రం నాలుగేళ్లుగా ట్రాన్సిస్టర్ యాంప్‌తో వాడుతున్న చిన్న బుక్‌షెల్ఫ్ జతే. వాటి కాగితం మీద 87 డెసిబెల్స్, 2.83 వోల్టులు, 4 ఓమ్‌లు అని ఉంది. గది 12 అడుగులకు 14 అడుగులు; నేను స్పీకర్లకు 9 అడుగుల దూరంలో కూర్చుంటాను. ఇంత చిన్న గదికి 8 వాట్లు ధారాళంగా సరిపోతాయని అమ్మిన దుకాణంలో చెప్పారు.

వీణ వింటుంటే ప్రాణం లేచొస్తోంది. తీగ మీటిన తరవాత నాదం సన్నబడుతూ పూర్తిగా ఆగిపోయే దాకా వినపడుతోంది. తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మొదలయ్యేసరికి మాత్రం మృదంగం ఎడమ వైపు దెబ్బ బియ్యం బస్తా మీద గుద్దినట్టు ఉబ్బిపోతోంది, కుడి వైపు దెబ్బలో పదును పోతోంది. స్పీకర్లను యాంప్ వెనక 8 ఓమ్‌ల ట్యాప్‌కు, అంటే 8 ఓమ్‌ల స్పీకర్లకని ఉన్న తీగల బిగింపుకు, కలిపాను. నేను మార్చవలసింది యాంప్‌నా, స్పీకర్లనా?

సైనిక్‌పురి వాల్వు

మీ స్పీకర్ల కాగితాన్ని మరొకసారి చూడండి. 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ మోగుతుందని దాని అర్థం. 2.83 వోల్టులు 8 ఓమ్‌లలో ఒక వాట్ అవుతాయి, 4 ఓమ్‌లలో రెండు వాట్లు అవుతాయి. అంటే ఒక్క వాట్‌కు మీ స్పీకరు ఇచ్చేది 87 కాదు, 84 డెసిబెల్సే. శక్తి రెట్టింపైన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్స్ కనుక, 8 వాట్లూ వాడేసినా మీటరు దూరంలో 93 దగ్గర ఆగిపోతారు. మీ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా తగ్గుతుంది. గాత్రానికి ఇది చాలు. మృదంగం దెబ్బ సగటు ధ్వని కంటే పది డెసిబెల్స్‌కు పైగా ఎగురుతుంది, పది డెసిబెల్స్ అంటే పది రెట్ల శక్తి. ట్రాన్సిస్టర్ యాంప్ శక్తి చాలనప్పుడు కరకుగా విరిగి వెంటనే పట్టుబడుతుంది. 300బి వంటి ట్రయోడ్ ట్యూబుతో, అవుట్‌పుట్‌ను వెనక్కి తెచ్చి సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ లేకుండా పనిచేసే యాంప్ మెత్తగా అణిగిపోతుంది కనుక, లోపం యాంప్‌దని తెలియక స్పీకరు మొద్దుబారిందని అనుకుంటాం. 94 డెసిబెల్స్ స్పీకరు తెస్తే, ఇప్పటి స్పీకర్లకు 80 వాట్ల యాంప్ పెట్టినంత తేడా కనిపిస్తుంది. యాంప్‌ను మాత్రం వదులుకోకండి.

మల్కాజిగిరి మల్టీమీటరు

పై లెక్కతో ఏకీభవిస్తాను, కానీ అది కుడి వైపు దెబ్బ మొద్దుబారడానికి మాత్రమే జవాబు. ఎడమ వైపు ఉబ్బుకు కారణం వేరే. ట్యూబ్ యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు దాని లోపలి నిరోధం, ఓమ్‌లలో), స్పీకరు ఇంపెడెన్స్ కలిసి వోల్టేజిని పంచుకుంటాయి. స్పీకరు 4 ఓమ్‌లంటే అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 4 అని కాదు, ఒకచోట 3.5కు దిగి, పెట్టె అనునాదం దగ్గర, అంటే చిన్న స్పీకర్లలో సుమారు 70 హెర్ట్జ్ ప్రాంతంలో, 24 దాకా ఎక్కవచ్చు. యాంప్ ఇంపెడెన్స్ 2.5 ఓమ్‌లైతే ఆ రెండు చోట్ల మధ్య దాదాపు 4 డెసిబెల్స్ తేడా వస్తుంది. మీ బియ్యం బస్తా అదే.

ఖర్చు పెట్టకముందు స్పీకర్లను 4 ఓమ్‌ల ట్యాప్‌కు మార్చి వినండి. అక్కడ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సగానికి దిగుతుంది, ఆ తేడా 2 డెసిబెల్స్‌కు కాస్త పైన నిలుస్తుంది. పైగా 8 ఓమ్‌ల ట్యాప్‌కు 4 ఓమ్‌ల స్పీకరు కలిపితే ట్యూబుకు కావలసిన దాంట్లో సగం ఇంపెడెన్సే కనబడి వక్రీకరణ పెరుగుతుంది.

మీ యాంప్ ఇంపెడెన్స్ ఎంతో ఇంట్లోనే కొలవవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో 10 ఓమ్‌లు, 25 వాట్ల రెసిస్టర్లు రెండు తెచ్చుకోండి. 400 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ ఒక రెసిస్టర్ మీద వోల్టేజి చూడండి, ఆపైన వాల్యూమ్ కదపకుండా రెండింటినీ సమాంతరంగా కలిపి చూడండి. మొదట 2.4, తరవాత 2.0 వోల్టులు వచ్చాయనుకుందాం. తగ్గిన 0.4 వోల్టును పెరిగిన కరెంటుతో, అంటే 0.16 ఆంపియర్లతో, భాగిస్తే 2.5 ఓమ్‌లు. తీగలు మార్చే ప్రతిసారీ యాంప్ ఆపి తీరాలి. లోడ్ (స్పీకరు గాని రెసిస్టరు గాని) లేకుండా సిగ్నల్ ఇస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా ఎగిరి ఇన్సులేషన్ పోవచ్చు. ఆ యాంప్‌లో అన్నిటికంటే విలువైన భాగాల్లో అదొకటి.

నల్లకుంట శ్రోత

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి యాంప్ ఆపి, చల్లారాక ట్యాప్ మార్చాను. వాల్యూమ్ కొంచెం ఎక్కువ తిప్పవలసి వచ్చింది గాని, ఎడమ వైపు దెబ్బకు మళ్లీ అంచు వచ్చింది. ఎడమ వైపు పలికే గుమికీ నాదం పైకి జారడం విడిగా తెలుస్తోంది. కొలిస్తే 8 ఓమ్‌ల ట్యాప్‌లో 2.8, 4 ఓమ్‌ల ట్యాప్‌లో 1.4 ఓమ్‌లు వచ్చాయి. మోరా, కోర్వై లాంటి ముక్తాయింపుల దగ్గర ఊపిరాడనట్టు అణగడం మాత్రం పోలేదు. కనుక యాంప్ ఉంచుకుని 93 డెసిబెల్స్‌కు తగ్గని, ఇంపెడెన్స్ 6 ఓమ్‌ల కిందకు దిగని స్పీకర్ల కోసం వెతుకుతాను.

సైనిక్‌పురి వాల్వు

కొనేముందు మీ యాంప్‌నే దుకాణానికి తీసుకెళ్లి, మీరు ఇంట్లో వినే తని ఆవర్తనమే పెట్టించి వినండి. అక్కడి వంద వాట్ల యాంప్‌తో వినిపిస్తే మీ 300బికి అవి పొసగుతాయో లేదో తెలియదు.