కార్బన్ ప్లేట్ షూ హాఫ్ మారథాన్‌కి పనికొస్తుందా? ఫోమ్, సైజు, లేసులు, ఊడిన సోల్ గురించి సందేహాలు

ప్రశ్న (సికింద్రాబాద్ సభ్యుడు):
ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ ఉంది. 2 గంటల 5 నిమిషాల్లో పూర్తి చేయాలని అనుకుంటున్నాను. ఇప్పుడు వాడుతున్నది మామూలు ఈవీఏ ఫోమ్ (చాలా షూలలో ఉండే ప్లాస్టిక్ నురగ) షూ, 600 కి.మీ. దాటింది. కార్బన్ ప్లేట్ షూ (ఫోమ్ లోపల బిగువైన కార్బన్ ఫైబర్ పలక ఉన్న రేస్ షూ) వేసుకుంటే 4 శాతం కలిసొస్తుందని అందరూ అంటున్నారు, నిజమేనా? రోజూ ప్రాక్టీసుకి కూడా అదే వాడొచ్చా? దుకాణంలో ఒకటి వేసి చూస్తే మడమ లేస్తోంది, వేళ్లు మాత్రం ముందుకెళ్లి తగులుతున్నాయి. సైజు పెంచాలా, తగ్గించాలా?

జవాబు (పరుగు కోచ్):
ఆ 4 శాతం లెక్క ఎక్కడిదో ముందు చూడండి. 2017లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ పరిశోధకులు 18 మంది మంచి రన్నర్లను ట్రెడ్‌మిల్ మీద గంటకు 14, 16, 18 కి.మీ. వేగంతో పరిగెత్తించి, వాళ్లు పీల్చే ఆక్సిజన్‌ను కొలిచారు. నైకీ కార్బన్ ప్లేట్ షూ అయిన వేపర్‌ఫ్లై నమూనా వేసుకున్నప్పుడు శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గింది. తగ్గింది శక్తి ఖర్చు. పరుగు సమయం కూడా అంతే తగ్గుతుందని దాని అర్థం కాదు.

ఇప్పుడు మీ వేగం సంగతి. 21.1 కి.మీ.ని 125 నిమిషాల్లో అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 55 సెకన్లు, గంటకు దాదాపు 10 కి.మీ. ఈ వేగం దగ్గర చేసిన పరీక్షల్లో సగటు లాభం ఒక శాతం అటూ ఇటూ మాత్రమే వచ్చింది. మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ, కొందరికి అసలేమీ కలిసిరాలేదు. ఒక శాతం పూర్తిగా సమయంలోకి మారినా మీకు మిగిలేది నిమిషం, నిమిషంపావు. దాని కోసం రెండు, మూడు జతల డబ్బు ఒకే జత మీద పెట్టడం నాకు సబబుగా తోచదు. గంటా 40 నిమిషాల లోపు పూర్తి చేసేవాళ్లకైతే వేరే మాట చెబుతాను.

ఇంకొకటి. హైదరాబాద్ రూటులో ఫ్లైఓవర్లు ఎక్కువ, ఆగస్టులో వాన ఉంటుంది. రేస్ షూలలో బరువు తగ్గించడానికి అడుగున రబ్బరు పలుచగా వేస్తారు. తడి రోడ్డు మీద తెల్ల గీతలపై, ఫ్లైఓవర్ల ఇనుప జాయింట్లపై అది జారుతుంది. షూ తిప్పి చూడండి. ముందు పాదం కింద రబ్బరు ఉండాలి. ఫోమ్ బయటికి కనిపించే జాగా మధ్యలో ఉంటే పరవాలేదు, అంచుల్లో ఉంటే వద్దు.

జవాబు (ఫుట్‌వేర్ డిజైన్ పనిలో ఉన్న సభ్యుడు):
ప్లేట్‌కి వచ్చిన పేరు ఫోమ్‌కి రాలేదు. పనిలో ఎక్కువ వంతు ఫోమ్‌దే.

అడుగు వేసినప్పుడు మిడ్‌సోల్ (పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే ఫోమ్ పొర) నొక్కుకుపోతుంది, పాదం లేచేటప్పుడు తిరిగి సాగుతుంది. నొక్కడానికి పెట్టిన శక్తిలో ఎంత వెనక్కి ఇస్తుందన్నదే అసలు ప్రశ్న. అదే కొలరాడో పరిశోధనలో మూడు షూలను యంత్రంతో నొక్కి కొలిచారు. ఈవీఏ ఫోమ్ ఉన్న పాత రేస్ షూ 65.5 శాతం తిరిగి ఇచ్చింది. అడిడాస్ 2013లో బూస్ట్ పేరుతో తెచ్చిన, టీపీయూ అనే ప్లాస్టిక్ గుళికల ఫోమ్ 75.9 శాతం ఇచ్చింది. వేపర్‌ఫ్లైలోని పీబా ఫోమ్ (పెబాక్స్ అని వినే ఉంటారు) 87 శాతం ఇచ్చింది. పీబా చాలా తేలిక కూడా. అందుకే షూ బరువు పెరగకుండానే మడమ కింద 30 మి.మీ. దాటి మందం పెట్టగలిగారు. షూ ఒక్కోదానికి 100 గ్రాములు పెరిగితే శక్తి ఖర్చు ఒక శాతం పెరుగుతుంది కాబట్టి ఈ తేలికదనం చిన్న విషయం కాదు.

మరి ప్లేట్ ఎందుకు? అంత మందమైన మెత్తటి ఫోమ్ ఒంటరిగా ఉంటే పాదం కింద అటూ ఇటూ ఒరుగుతుంది. ప్లేట్ దాన్ని నిలబెడుతుంది, బొటనవేలి కీలు మరీ వంగకుండా ఆపుతుంది, ముందు భాగం వంపుతో కలిసి పాదం ముందుకు దొర్లేలా చేస్తుంది. అది స్ప్రింగులా మనల్ని ఎగరేస్తుందన్న మాట నిజం కాదు. తర్వాత మసాచుసెట్స్ యూనివర్సిటీలో వేపర్‌ఫ్లై ముందు భాగంలో ప్లేట్‌ను అడ్డంగా కోసేసి, కోయని జతతో పోల్చి చూశారు. షూ వంగడం బాగా తేలికైంది, శక్తి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొనేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: చవక ఈవీఏ ఫోమ్‌లో కార్బన్ ప్లేట్ పెట్టి ‘రేస్ షూ’ అని అమ్మేవాటితో బిగుసుకుపోయిన అడుగు తప్ప ఏమీ రాదు. పెట్టె మీద ‘కార్బన్’ అని ఉందో లేదో తర్వాత చూడొచ్చు, ఫోమ్ ఏమిటో ముందు అడగండి.

ప్రశ్న (సికింద్రాబాద్ సభ్యుడు):
అంటే ప్లేట్ లేకుండా మంచి ఫోమ్ ఉన్నది తీసుకుంటే చాలా? బొటనవేలితో నొక్కి చూస్తే ఫోమ్ తెలుస్తుందా?

జవాబు (ఫుట్‌వేర్ డిజైన్ పనిలో ఉన్న సభ్యుడు):
మీ వేగానికి అదే సరైన కొనుగోలు. నైట్రోజన్ వాయువుతో ఉబ్బించిన ఈవీఏ, లేదా ఈవీఏలో పీబా కలిపిన ఫోమ్ ఉన్న ట్రైనర్ (రోజూ ప్రాక్టీసుకి వాడే షూ) చూడండి. బరువు 230 నుంచి 270 గ్రాముల మధ్య చాలు.

వేలితో నొక్కితే మెత్తదనం తెలుస్తుంది, వెనక్కి ఇచ్చే గుణం తెలియదు. మెత్తగా ఉండి చచ్చుగా ఉన్న ఫోమ్‌లూ బోలెడు. దుకాణంలో ఇలా చూడండి. ఒంటికాలి మీద పది చిన్న గెంతులు వేయండి. తర్వాత అదే కాలి మీద 20 సెకన్లు కదలకుండా నిలబడండి. గెంతేటప్పుడు బాగున్నా, నిలబడ్డప్పుడు చీలమండ లోపలికో బయటికో వణుకుతుంటే ఆ షూ మీకు ఎక్కువ మెత్తన, లేదా అడుగు సన్నం. షూ తిప్పి నడుమ వెడల్పు కూడా చూడండి. నడుము మరీ సన్నగా ఉన్నవి వేగంగా వెళ్లేవాళ్ల కోసం చేసినవి.

మీ పాత షూ సంగతి: 600 కి.మీ. అయిందని పారేయక్కర్లేదు. ఈవీఏ ట్రైనర్ సాధారణంగా 500 నుంచి 800 కి.మీ. వస్తుంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకు ఒరిగినా, మిడ్‌సోల్ పక్కన ముడతలు నొక్కకుండానే నిలిచిపోయి కనిపించినా మార్చండి. పీబా రేస్ షూలు ఇంతకాలం రావు, 250 నుంచి 400 కి.మీ. దగ్గరే ఆ చురుకు తగ్గుతుంది.

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
రోజూ వాడొచ్చా అని అడిగారు. కార్బన్ ప్లేట్ షూ రోజూ వద్దు.

బిగువైన ప్లేట్ వేళ్ల దగ్గర వంపును ఆపుతుంది. దాంతో భారం చోటు మారుతుంది, పాదం మధ్య ఎముకల మీద ఒత్తిడి పడే తీరు మారుతుంది. 2023లో అమెరికా వైద్యులు కార్బన్ ప్లేట్ షూలు వాడిన ఐదుగురు క్రీడాకారులకు పాదం మధ్యలోని నావిక్యులర్ ఎముకలో ఒత్తిడి గాయాలు వచ్చిన సంగతి ప్రచురించారు. ఐదు కేసులతో షూనే కారణమని తేల్చలేం, కానీ ఆ ఎముక త్వరగా మానదు కాబట్టి జాగ్రత్త అవసరం. చీలమండకు కొంచెం ముందు, పాదం పైభాగాన వేలితో నొక్కితే ఒకే బిందువు దగ్గర నొప్పి ఉండి, పరుగు తర్వాత కూడా తగ్గకపోతే ఆ రోజే ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనపడదు, ఎంఆర్‌ఐ కావాల్సి వస్తుంది.

వాడి తీరాలనుకుంటే రేస్‌కి ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. మొదటిసారి 4, 5 కి.మీ. చాలు. తర్వాత వారానికి ఒక్కసారే, వేగం పెంచే రోజున. రేస్‌కి రెండు వారాల ముందు ఒక 14 కి.మీ. పరుగు దాంతో చేయండి. మిగతా రోజులు మామూలు షూ. డ్రాప్ కూడా చూసుకోండి (మడమ కింద మందానికీ ముందు పాదం కింద మందానికీ తేడా). 10 మి.మీ. నుంచి ఒక్కసారిగా 4 మి.మీ.కి దిగితే పిక్కలు, మడమ వెనక స్నాయువు (అకిలిస్ టెండన్) పట్టేస్తాయి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు తక్కువ డ్రాప్ ఒక్కోసారి సుఖంగా ఉంటుంది, పిక్క నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కువ డ్రాప్.

జవాబు (షూ దుకాణంలో ఫిటింగ్ చూసే సభ్యుడు):
మడమ లేవడం, వేళ్లు తగలడం రెండూ కలిసి వస్తున్నాయంటే చాలాసార్లు సైజు తప్పు కాదు. పాదం ముందుకు జారుతోంది. ముందు కొలత తీయండి.

సాయంత్రం పూట, పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సుతోనే, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలవొద్దు, నిలబడితే పాదం సాగుతుంది. అన్నిటికంటే పొడవైన వేలి కొసన గీత పెట్టండి. కొందరికి అది బొటనవేలు కాదు, రెండో వేలు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకోండి. షూ వేసుకుని నిలబడ్డాక ఆ వేలి ముందు సెంటీమీటరుకు తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. దిగుడులో గోళ్లు నల్లబడేది ఈ ఖాళీ లేకే.

సైజు నంబర్లు కంపెనీని బట్టి మారతాయి. మగవాళ్ల సైజుల్లో నైకీ యూకే నంబరు యూఎస్ కంటే 1 తక్కువ, అడిడాస్‌ది అర తక్కువ. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు షూ నాలుక లోపలి లేబుల్ మీద ఉండే సెంటీమీటర్ల అంకెను పోల్చుకోండి.

ఇక లేసులు. పైన చివర కొంచెం వెనక్కి జరిగి ఒక రంధ్రం అదనంగా ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మామూలుగా కట్టుకుంటూ వచ్చి, చివరి రంధ్రం నుంచి లేసును అడ్డంగా దాటించకుండా అదే వైపున్న అదనపు రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి దూర్చండి. చిన్న లూపు మిగులుతుంది. రెండో వైపూ అలాగే. ఇప్పుడు ఒక్కో కొసను ఎదుటి లూపులోంచి తీసి, పైకి కాకుండా కిందికి, పక్కకు లాగి బిగించండి. మడమ వెనక్కి ఆనుతుంది. ముందు పాదం దగ్గర లేసులు వదులుగానే ఉంచండి, బిగువంతా పైన రెండు వరసల్లోనే. ఇంత చేసినా మడమ లేస్తుంటే ఆ షూ మడమ గిన్నె మీ పాదానికి వెడల్పు. వేరే మోడల్ చూడండి, సైజు తగ్గించి వేళ్లను నలపొద్దు.

ప్రశ్న (ఖమ్మం, కానిస్టేబుల్ అభ్యర్థి):
1600 మీటర్లకు కార్బన్ షూ వేసుకుంటే టైమ్ తగ్గుతుందా అన్నా? అదే షూతో లాంగ్‌జంప్, షాట్‌పుట్ కూడా చేయాలి.

జవాబు (పరుగు కోచ్):
వద్దు తమ్ముడూ. లాంగ్‌జంప్‌లో టేకాఫ్ కాలు గట్టి నేలను తన్నాలి. కింద 35, 40 మి.మీ. మెత్తటి ఫోమ్ ఉంటే ఆ తన్ను అందులోనే ఇంకిపోతుంది, చీలమండ మడత పడే ప్రమాదమూ ఉంది. షాట్‌పుట్‌లో పాదం తిప్పేటప్పుడు కూడా అంతే. 220 నుంచి 250 గ్రాముల బరువు, మడమ కింద 25 మి.మీ. లోపు మందం, అడుగున రబ్బరు పూర్తిగా ఉన్న షూ తీసుకో. మట్టి గ్రౌండ్ అయితే రబ్బరు గాడులు 2, 3 మి.మీ. లోతు ఉండాలి. స్పైక్స్ అనుమతిస్తారో లేదో నోటిఫికేషన్, అడ్మిట్ కార్డు సూచనల్లో చూసుకో. ఈవెంట్స్‌కి కనీసం మూడు వారాల ముందు కొని, మూడు ఈవెంట్లూ దాంతోనే సాధన చెయ్యి.

అథ్లెటిక్స్ మీట్లలో పాల్గొనేవాళ్లకు ఒక మాట. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2020 జనవరి 31న తెచ్చిన నియమం ప్రకారం రోడ్డు రేసుల్లో సోల్ మందం 40 మి.మీ. దాటకూడదు, ప్లేట్ ఒకటి మించకూడదు. ట్రాక్ మీద 2024 నవంబరు 1 నుంచి అన్ని పరుగులకూ 20 మి.మీ.యే పరిమితి. రోడ్డు రేస్ షూ వేసుకుని ట్రాక్ మీట్‌కి వెళితే పనికిరాదు.

ప్రశ్న (విశాఖ సభ్యురాలు):
మూడేళ్లుగా డబ్బాలోనే ఉన్న షూ తీసి వేసుకుంటే సోల్ పొడిపొడిగా రాలిపోయింది. పెద్దగా వాడనే లేదు. ఇంకో జతకి అడుగు రబ్బరు ముందు భాగంలో లేచింది. ఏదైనా అతికించుకోవచ్చా?

జవాబు (ఫుట్‌వేర్ డిజైన్ పనిలో ఉన్న సభ్యుడు):
మొదటి జత పోయినట్టేనండి. అది పాలీయురేథేన్ మిడ్‌సోల్ అయి ఉంటుంది. గాలిలోని తేమతో ఆ పదార్థం గొలుసులు లోలోపలే తెగిపోతాయి. మీ తీరపు తేమలో, గాలాడని డబ్బాలో ఇది త్వరగా జరుగుతుంది. వాడకుండా దాచిన షూ ముందు పోవడానికి కారణం అదే. దాని మీద ఏ జిగురూ నిలవదు, జిగురు పట్టుకునే పొరే ఊడి వచ్చేస్తుంది. ఇకమీదట అట్టడబ్బాలో కాకుండా గాలాడే అరలో పెట్టి, అప్పుడప్పుడూ వేసుకుని నడవండి. ఈవీఏకి ఈ జబ్బు లేదు, దానికి వేడి పడదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే కుదించుకుపోయి సైజు తగ్గుతుంది.

రెండో జత బాగు చేయొచ్చు. ఫెవిక్విక్ మాత్రం వేయకండి, ఎండాక గాజులా బిగుసుకుని అడుగు వంగగానే పగులుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర షూ తయారీకి వాడే పీయూ జిగురు అడగండి. పాత జిగురు పొరను గీకి, 80 లేదా 100 నంబరు ఎమరీ కాగితంతో రెండు వైపులా గరుకు చేయండి. స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఈవీఏ వైపు ప్రైమర్ (జిగురు పట్టేందుకు ముందుగా పూసే ద్రవం) పూయకపోతే రెండు వారాల్లో మళ్లీ లేస్తుంది, చాలా రిపేర్లు చెడేది ఇక్కడే. జిగురు రెండు వైపులా పలుచగా పూసి, వేలికి అంటనంతవరకు పది, పదిహేను నిమిషాలు ఆగండి. తడిగా ఉన్నప్పుడే అతికిస్తే లోపల ద్రావకం చిక్కుకుని బుడగలు కడుతుంది. ఆరిన పొరను హెయిర్ డ్రయర్‌తో బాగా వెచ్చబెట్టి, వేళ్ల కొస నుంచి వెనక్కి నొక్కుకుంటూ రండి. షూ లోపల గుడ్డ కుక్కి, బయట సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి చుట్టి 24 గంటలు వదిలేయండి. రెండు రోజుల తర్వాతే పరుగు.