సమాజంలో మంచి మార్పుకు వ్యాపారవేత్తలు నాయకులు కాగలరా?

తొలిఅడుగు:
ప్రభుత్వాలకు చేతకాని పనిని వ్యాపారవేత్తలు చేసి చూపిస్తున్నారని, ఇకపై సమాజానికి నాయకులు వాళ్లేనని ఈ మధ్య ఒక సభలో విన్నాను. నాకు నిజమే అనిపించింది. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పటికే ఉద్యోగ విరమణ చేశారు, కీళ్ల జబ్బుతో వేళ్లు వంకర్లు పోయాయి. అక్కడి శస్త్రచికిత్స గదిలో బల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఒకరి కంట్లో శుక్లం తీయడం పూర్తయ్యేసరికి నర్సులు పక్క బల్ల మీద ఇంకొకరిని సిద్ధం చేసి ఉంచుతారు, వైద్యుడు అటు తిరిగితే చాలు. డబ్బు ఇవ్వగలిగినవారి రుసుముతో ఇవ్వలేనివారికీ చూపు వస్తోంది. శుక్లం తీశాక కంట్లో అమర్చే లెన్సులను బయటి నుంచి తెప్పించే ఖరీదు భరించలేక 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంతంగా తయారీకి దిగారు. ఇది నాయకత్వం కాకపోతే మరేది?

పాతలెక్క:
అరవింద్ మీద నాకూ గౌరవమే. కానీ మీరు కథను సగం నుంచి మొదలుపెట్టారు. వెంకటస్వామి అంతకుముందు ఏళ్ల తరబడి ప్రభుత్వ వైద్య కళాశాలలో పనిచేశారు. కంటి శిబిరాలు నడిపిన అనుభవం ఆయనకు అక్కడ వచ్చిందే. ఆ పునాది ప్రజల డబ్బుతో పడింది.

సూక్ష్మ రుణాలనే, అంటే పేదలకు ఇచ్చే చిన్న చిన్న అప్పులనే తీసుకోండి. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో ఆర్థికశాస్త్రం బోధించే ముహమ్మద్ యూనస్ 42 మందికి కలిపి 27 డాలర్లు అప్పిచ్చారు. 1983లో అది గ్రామీణ్ బ్యాంకుగా మారింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇక పేదరికం పోయినట్టేనని చాలామంది సంబరపడ్డారు. తర్వాత బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోలలో ఆర్థికవేత్తలు జరిపిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేచోట వెలువడ్డాయి. అప్పు దొరికిన కుటుంబాలకు కొంత వెసులుబాటు కలిగింది. సగటు ఆదాయం మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు. మంచి పని అంటే ఒప్పుకుంటాను. సమాజాన్ని మార్చేసిందంటే ఒప్పుకోను.

నల్లబల్ల:
నేను బడిలో పాఠాలు చెబుతాను. ఒక సంస్థ మా పిల్లలకు 30 ట్యాబ్లెట్లు ఇచ్చింది. వాళ్ల ఉద్దేశం మంచిదే, పంచిన రోజు వాళ్ల ముఖాల్లో సంతోషం చూశాను. రెండో ఏడాదికి చార్జర్లు పాడయ్యాయి. ఫోన్ చేస్తే ఆ కార్యక్రమం ముగిసిందన్నారు. ఇప్పుడవి బీరువా అడుగు అరలో ఉన్నాయి. ఒక్కోదాని వెనక ఒక్కో పిల్ల పేరు రాసిన చీటీ ఉంది, పీకేయడానికి నాకు చేతులు రావడం లేదు. మీకేం కావాలని ముందుగా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే లెక్కల టీచరు కావాలనేవాళ్లం.

దారపుకండె:
మీరిద్దరూ చెప్పినదాన్ని కాదనను. అలాగని వ్యాపారవేత్తను పక్కకు నెట్టేయకండి. రాబర్ట్ ఓవెన్ 1800లో స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లుల నిర్వహణ చేపట్టాడు. పదేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం మాన్పించి, వాళ్లకు బడి పెట్టాడు. మిల్లు లాభాల్లోనే నడిచింది. చిన్నపిల్లల చాకిరీ లేకపోతే మునిగిపోతామని గగ్గోలు పెట్టే యజమానులకు అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

అదే మిల్లులో ప్రతి కార్మికుడి దగ్గరా ఒక చిన్న కొయ్యముక్క వేలాడుతుండేది. దానికి నాలుగు వైపులా నాలుగు రంగులు: నలుపు, నీలం, పసుపు, తెలుపు. ముందురోజు నడవడికను బట్టి ఒక రంగును ముందుకు తిప్పి పెట్టేవారు. నలుపైతే చెడు, తెలుపైతే మేలు. యజమాని దయగలవాడే, కానీ ఎవరికి ఏ రంగో తేల్చేది పైవాళ్లు. నా భయమంతా ఆ కొయ్యముక్క దగ్గరే. దయ ఎంత ఉన్నా, జవాబు చెప్పుకోవలసింది ఎప్పుడూ కిందివాడే అయితే ఎలా?

అయినా ఓవెన్‌ను నాయకుడనే అంటాను. తన మిల్లు ఒక్కటీ బాగుంటే చాలనుకోలేదు. అన్ని మిల్లులకూ వర్తించే చట్టం కావాలని 1815 నుంచి గట్టిగా ప్రయత్నించాడు. 1819లో చట్టం వచ్చింది గానీ, తనిఖీకి సరైన ఏర్పాటు లేక చాలావరకు కాగితం మీదే మిగిలింది. పని గంటలు తగ్గించాలని కార్మికులు ఉద్యమించాక, 1833 చట్టంతో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. తన చేతులు కూడా కట్టేసే చట్టాన్ని కోరినవాడు నాయకుడు. పన్ను తగ్గించమని ఒక చేత్తో అర్జీ పెట్టి, రెండో చేత్తో విరాళం ఇచ్చేవాణ్ని అలా పిలవలేను.

తొలిఅడుగు:
దీనికి కారు సీటు బెల్టును కూడా కలపవచ్చు. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే బెల్టు తయారుచేశాడు. ఆ పేటెంటును సంస్థ ఇతర తయారీదారులూ వాడుకోనిచ్చింది. కానీ బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి చేసిన తొలి చట్టం 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో వచ్చింది. ‘నాయకులు వాళ్లే’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ‘వాళ్లు కూడా’ అనడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు.

మరమ్మతు:
కంప్యూటర్లు బాగుచేసే చిన్న సంస్థ నాది, మొత్తం ఆరుగురం. నల్లబల్ల గారూ, ఆ ట్యాబ్లెట్ల చార్జరు పిన్ను ఏ రకమో ఫొటో పెట్టండి. అన్నిటికంటే ముందు, అవి మీకు నిజంగా పనికొస్తాయో లేదో మీరే చెప్పండి. లెక్కల టీచరును నేను తేలేను. అర్జీ రాస్తే సంతకం పెడతాను.

నల్లబల్ల:
ఫొటో రేపు పెడతాను. 30 అక్కర్లేదు, 12 బాగైతే చాలు, ఇద్దరికొకటి ఇచ్చి పాఠం చెప్పుకుంటాం. అర్జీ రాసి నెలయింది. తల్లిదండ్రుల సంతకాలు 43 వచ్చాయి, మీది 44వది.