సాయంత్రం టీవీ: సీరియల్, డాక్యుమెంటరీ, హాస్యం ఒకే ఇంట్లో ఎట్లా కుదురుతాయి?

ప్రశ్న: నల్లగొండ నుంచి ఒక గృహిణి

ఇంట్లో టీవీ ఒకటే ఉండి, దాని ముందు కూర్చునేవాళ్లు మూడు తరాల వాళ్లయినప్పుడు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఏం చూడాలన్నది ఎట్లా తేల్చుకోవాలో, ఇటువంటి ఇళ్లలో ఉన్న పెద్దలు, తోటివారు చెప్పగలరని ఈ ప్రశ్న రాస్తున్నాను. మా అత్తమ్మకు దేవుడి దగ్గర దీపం పెట్టిన వెంటనే సీరియళ్లు మొదలు కావాలి. మా వారికి తొమ్మిది గంటల వార్తలు కావాలి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి జంతువుల మీద, అంతరిక్షం మీద వచ్చే డాక్యుమెంటరీలంటే ప్రాణం. చిన్నవాడికి కామెడీ స్కిట్లు తప్ప మరేదీ పట్టదు. ఎవరి ఫోను వాళ్లకిచ్చి తలా ఒక గదిలో కూర్చోబెడితే తగవే ఉండదని చాలామంది చెప్పారు కానీ, రోజంతా తలా ఒక దిక్కు ఉండే మేము కలిసి కూర్చునే సమయం అదొక్కటే కనుక దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

నేను గమనించినది ఏమిటంటే, పెద్ద తెలుగు వినోద ఛానెళ్లలో ఏది పెట్టినా ఆ వేళలో వరుసగా అరగంట సీరియళ్లే వస్తున్నాయి. డాక్యుమెంటరీ కావాలంటే వేరే ఛానెల్‌కు, నవ్వుకోవాలంటే మరో ఛానెల్‌కు పోవాలి. దానితో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఆ సాయంత్రం వాళ్లదే అవుతోంది. ఒకే సాయంత్రంలో కొంత కథ, కొంత జ్ఞానం, కొంత నవ్వు ఉండేటట్టు చూసుకోవడానికి దారి ఏమైనా ఉన్నదా? తెలుగులో వినిపించే మంచి డాక్యుమెంటరీలు ఎక్కడ దొరుకుతాయి? పిల్లలతోనూ అత్తమ్మతోనూ కలిసి కూర్చుని ఇబ్బంది పడకుండా చూడగలిగిన హాస్య కార్యక్రమాలు ఏవి? దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీరు అడుగుతున్న ఆ కలగలుపు సాయంత్రం ఒకప్పుడు మనం ఏర్పాటు చేసుకోవలసిన పని లేకుండానే ఇంటికి వచ్చేది. మన దేశంలో పల్లెలకు టీవీని మొదటిసారి పెద్దఎత్తున తెచ్చిన ఉపగ్రహ బోధన ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31 దాకా సాగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు కేటాయించారు. ఆ సాయంత్రపు ప్రసారంలో వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ఉండేవి. వాటితో పాటే పాట, నాటకం ఉండేవి. ఊరందరికీ ఒకటే టీవీ పెట్టె కనుక, అది ఉన్న చోటికే జనం వచ్చి, పైరు గురించి చెప్పినా ఆట చూపించినా కలిసి కూర్చునే చూశారు.

ఆ తరువాత దూరదర్శన్ కూడా అదే పద్ధతిని చాలాకాలం పాటించింది. 1984 జూలైలో మొదలైన ‘హమ్ లోగ్’ను మన దేశపు మొదటి ధారావాహికగా చెప్పుకుంటారు. మెక్సికోలో సీరియల్ కథల ద్వారా సామాజిక విషయాలు బోధించిన పద్ధతిని చూసి వచ్చి, మధ్యతరగతి ఇంటి కథలో చిన్న కుటుంబం, ఆడవాళ్ల స్థితి వంటి విషయాలను కలిపి దాన్ని తయారు చేశారు. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ తెర మీదికి వచ్చి ఆనాటి కథ గురించి ప్రేక్షకులతో మాట్లాడేవారు. మన హైదరాబాద్ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన దర్శకుడు శ్యామ్ బెనగళ్ మన దేశ చరిత్ర మీద తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ 1988లో మొదలై 53 భాగాలు నడిచింది. 1990 నుంచి 2001 దాకా వచ్చిన ‘సురభి’ దేశంలోని కళలను, ఊళ్లను చూపిస్తూ ప్రశ్న అడిగితే, జవాబులు కార్డుల మీద కుప్పలుగా వచ్చేవి. చరిత్ర చూడాలని ముందుగా అనుకోని వాళ్లు కూడా, ఛానెల్ ఒకటే కావడం వల్ల, ఆ చరిత్రను చూశారు. నా శిష్యుల్లో కొందరికి హరప్పా నగరం పాఠ్యపుస్తకం కంటే ముందు టీవీలోనే పరిచయమయింది.

1995లో తెలుగులో ప్రైవేటు ఛానెళ్లు వచ్చిన తరువాత ఒక్కొక్క ఛానెల్ ఒక్కొక్క రుచికి కట్టుబడింది. ఎంతమంది చూస్తున్నారన్న వారం వారం లెక్క మీద ప్రకటనల ఆదాయం ఆధారపడి ఉంటుంది కనుక, ఒక సీరియల్ ముగియగానే మరొకటి మొదలుపెట్టి ప్రేక్షకులు పక్కకు పోకుండా నిలబెట్టుకోవడమే వాళ్లకు క్షేమం. మధ్యలో అరగంట డాక్యుమెంటరీ వేసే సాహసం ఎవరూ చేయరు. కాబట్టి కలిపే బాధ్యత ఇప్పుడు ఇంటివాళ్ల మీద పడింది.

నా సలహా ఒక్కటే. సమయాన్ని మనుషుల పేరున పంచవద్దు. ‘ఇది నానమ్మ గంట, ఇది పాప గంట’ అని గీత గీస్తే, తమది కాని గంటలో ప్రతి ఒక్కరూ లేచి పోతారు. వారంలో రెండు రోజులు ఒక గంటను డాక్యుమెంటరీకి తీసి పెట్టండి, అది మీ అత్తమ్మ గారికి ఎరుకైన విషయం మీద ఉండేటట్టు ఎంచుకోండి. పాములు, తేనెటీగలు, చెరువులు, ఎద్దులు, అడవి జంతువులు – వీటి గురించి పల్లెలో పెరిగిన పెద్దలకు ఆ డాక్యుమెంటరీ తీసినవాళ్లకు తెలియని సంగతులు కూడా తెలుసు. వాళ్లు చెప్పడం మొదలుపెడితే పాప ఇద్దరి దగ్గరా నేర్చుకుంటుంది.

జవాబు: దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు

అక్కా, మాస్టారు గారి మాటల మీద గౌరవం ఉంది, కానీ పాత రోజుల్లో వేరే ఛానెల్ లేదు కనుకనే అందరూ అదే చూశారన్నది కూడా మరువకూడదు. పైగా రాత్రి ఎనిమిదిన్నర దాటితే ప్రసారమంతా ఢిల్లీ నుంచి హిందీలోనో ఇంగ్లీషులోనో వచ్చేది. మన దిక్కు ఉర్దూ చెవిన పడి ఉంటుంది కనుక మగవాళ్లకు కొంత అర్థమయ్యేది. ఇంట్లో ఉండే ఆడవాళ్లలో చాలామంది బొమ్మలు చూసి కథ ఊహించుకున్నారు. తమ భాషలో, తమ వంటింటి గురించి, తమ అత్తాకోడళ్ల గురించి రోజూ ఒక కథ రావడం వాళ్లకు చిన్న విషయం కాదు.

‘కార్తీక దీపం’ 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. అది మలయాళ కథకు తెలుగు రూపమే అయినా, నల్లగా ఉన్నదని చిన్నచూపు చూసిన లోకంలో ఒక ఆడమనిషి వంట చేసి, తన బిడ్డను పెంచుకుంటూ తలెత్తుకుని బతకడాన్ని మా వాడకట్టులోని పెద్దమ్మలు తమ కథగానే చూశారు. ఆ పాత్రను ‘వంటలక్క’ అని సొంత మనిషిని పిలిచినట్టు పిలిచారు. రంగు గురించి మన ఇళ్లలో పెళ్లిచూపుల నాడు ఎటువంటి మాటలు పడతాయో వాళ్లకు తెలుసు. ఆ సీరియల్ చూసిన మరునాడు బోరింగు దగ్గర ఆ విషయం మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక సందు దొరికింది. కనుక మీ అత్తమ్మ చూసేదాన్ని పనికిరానిదిగా ఎంచి, డాక్యుమెంటరీని మందు లాగా తాగించాలని చూడవద్దని కోరుతున్నాను.

సీరియళ్లలో నాకు బాధ కలిగించేవి రెండున్నాయి. మొదటిది సాగదీత. ఒక చెంపదెబ్బను ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి ముఖం మీదుగా తిప్పి చూపిస్తూ భాగాన్ని నింపుతారు. రెండవది మన మాట. చాలా సీరియళ్లలో ఇంటి యజమానులు కోస్తా మాటతో మాట్లాడితే, పనిమనిషికో రౌడీకో మాత్రమే తెలంగాణ మాట పెడతారు. ఇది మా పిల్లల మనసులో ఏం నాటుతుందో రాసేవాళ్లు ఆలోచించాలి. అందుకే వీ6 ఛానెల్‌లో ‘తీన్మార్ వార్తలు’ మా ఇంట్లో అందరూ ఇష్టంగా చూశారు. సావిత్రి, బిత్తిరి సత్తి వార్తలనే మన యాసలో చెప్పి నవ్వించారు. అవమానం లేని నవ్వు అది.

ఇక ఉపాయం చెబుతాను. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు మించరాదని నిబంధన. ఆ లెక్కన చూసినా ఆరు నుంచి పది దాకా సీరియళ్లు పెడితే 48 నిమిషాలు ప్రకటనలకే పోతాయి. నిన్నటి భాగం గుర్తుచేసే ముక్క, పేర్లు పడే ముక్క తీసివేస్తే అసలు కథ ఇంకా తగ్గుతుంది. పైగా చాలా సీరియళ్లను మరునాడు పగటిపూట మళ్లీ వేస్తారు. మీ అత్తమ్మను ప్రేమగా అడగండి: ఇన్నింటిలో ఏది తప్పిపోతే మనసు ఊరుకోదు? మా ఇంట్లో అడిగితే రెండే తేలాయి; మిగిలినవి వాటి వెంట వచ్చాయి కనుక నడిచినవే. ఆ రెండింటినీ మాత్రం ఎవరూ కదిలించకూడదు, ఆ సమయంలో మీరు కూడా పక్కన కూర్చోండి. మిగిలిన సమయాన్ని ఆమె తనంత తానే ఇస్తారు.

జవాబు: మిర్యాలగూడ నుంచి ఒక కేబుల్ ఆపరేటర్

అమ్మా, డాక్యుమెంటరీల గురించి అడిగారు కనుక ఆ మేరకు చెబుతాను. డిస్కవరీ, నేషనల్ జియోగ్రాఫిక్, సోనీ బీబీసీ ఎర్త్ ఛానెళ్లలో తెలుగు ధ్వని ఉంది. చాలా ఇళ్లలో ఆ ఛానెల్ పెట్టగానే హిందీయో ఇంగ్లీషో వినిపించేసరికి తెలుగు లేదనుకుని వదిలేస్తున్నారు. మీ రిమోట్ మీద భాష లేదా ఆడియో అని రాసి ఉన్న మీట ఉంటుంది. ఆ ఛానెల్ నడుస్తుండగా దాన్ని నొక్కితే భాషల వరుస కనిపిస్తుంది, అందులో తెలుగు ఎంచుకోవాలి. మీట లేకపోతే సెట్ టాప్ బాక్స్ మెనూలో వెతకాలి. అక్కడ కూడా కనిపించకపోతే మీ కేబుల్ ఆయనను అడగండి.

రెండో సంగతి ప్యాక్ గురించి. టెలికాం, టీవీ ప్రసార సేవలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2019 ఫిబ్రవరి నుంచి అమలులోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, ప్రతి చెల్లింపు ఛానెల్‌కు విడి ధర ప్రకటించాలి, వినియోగదారు తనకు కావలసిన ఛానెల్‌ను విడిగా తీసుకోవచ్చు. మా ఊళ్లో ఎక్కువమంది పెద్ద ప్యాక్ వేయించుకుని అందులో ఎన్నడూ చూడని ఆటల ఛానెళ్లకు కూడా డబ్బు కడుతున్నారు. మీరు చూసే వినోద ఛానెళ్లు రాసుకుని, వాటికి ఒకటో రెండో డాక్యుమెంటరీ ఛానెళ్లు కలిపి అడిగితే నెల బిల్లు పెరగకుండానే కుదిరే అవకాశం ఉంది. నెల కిరాయి భారమనుకునే ఇళ్లకు దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. గొడుగుకు, బాక్సుకు ఒకసారి ఖర్చు పెడితే తరువాత నెలనెలా కట్టేది లేదు, దూరదర్శన్ వారి తెలంగాణ ఛానెల్ డీడీ యాదగిరి అందులో వస్తుంది.

జవాబు: నకిరేకల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

అక్కా, హాస్యం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. ‘జబర్దస్త్’ 2013లో మొదలైనప్పుడు జట్లు జట్లుగా వచ్చి చిన్న నాటికలు వేయడం కొత్తగా అనిపించింది. పేరు లేని ఎందరో నటులకు అది బతుకు చూపించింది, ఆ మేలు కాదనలేము. కానీ లావుగా ఉన్నవాళ్లను, పొట్టివాళ్లను, ఆడవేషం వేసినవాళ్లను వెక్కిరించడం మీద, రెండర్థాల మాటల మీద నవ్వు తెప్పించే స్కిట్లు చాలా ఉన్నాయి. మీ చిన్నవాడు ఆ మాటలే బడిలో తోటి పిల్లవాడి మీద వాడతాడు, ఎందుకంటే టీవీలో అందరూ చప్పట్లు కొట్టారు. స్కిట్లు పూర్తిగా మాన్పించడం కష్టం కనుక, వాడు చూసేటప్పుడు పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉండాలని నా అభిప్రాయం.

కలిసి చూడాలంటే ‘అమృతం’ పెట్టండి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, భాగాలు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయి. హోటలు పెట్టి బాగుపడాలని చూసే ఇద్దరు స్నేహితులు, వాళ్ల భార్యలు, ఇంటి ఓనరు చుట్టూ నడుస్తుంది. ఎక్కువ భాగాలు వేటికవే ముగుస్తాయి కనుక నిన్నటిది చూడలేదన్న బెంగ ఉండదు. అందులో నవ్వు మనుషుల ఆశ నుంచి, తొందర నుంచి పుడుతుంది, ఎవరి శరీరం మీదా పడదు.

డాక్యుమెంటరీల గురించి ఒక కోరిక కూడా చెప్పుకోవాలి. ఆఫ్రికా సింహాలను తెలుగు మాటలతో చూస్తున్నాం, సంతోషమే. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కోసం నీటి కింద పోయిన లోయ, అక్కడి బౌద్ధ కట్టడాలను తవ్వి కొండ మీదికి చేర్చిన తీరు, నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మర్రిగూడ దిక్కు వంగిపోయిన మనుషులు, దేశమంతటా కాలువలు తవ్విన పాలమూరు కూలీలు – ఇవి సాయంత్రం ఎనిమిది గంటలకు మన భాషలో, వారం వారం రావలసిన విషయాలు. డీడీ యాదగిరికి ఉత్తరాలు రాద్దామని నా మిత్రులతో అంటున్నాను. ఇక్కడ చదివినవాళ్లు కూడా రాయాలని మనవి.

ప్రశ్న అడిగినవారు

మాస్టారు గారికి, అందరికీ నమస్కారం. అత్తమ్మను అడిగాను, ఆమె మూడు సీరియళ్లు చెప్పారు, ఆ మూడూ ఎనిమిదిలోపే అయిపోతాయి. తొమ్మిది గంటల వార్తలకు ముందు ఒక గంట ఖాళీ దొరికింది. సోమ, గురువారాలు దాన్ని డాక్యుమెంటరీకి పెడుతున్నాం, శనివారం ‘అమృతం’ చూస్తాం. నకిరేకల్ తమ్ముడు చెప్పిన ఉత్తరం మా అమ్మాయి చేత రాయిస్తాను, ఫ్లోరైడ్ గురించి తనకు తెలుసు. ఆపరేటర్ అన్నకు ఒక సందేహం: డిస్కవరీలో భాష మార్చితే అత్తమ్మ సీరియళ్ల ఛానెల్‌లో మాటలు ఏమైనా మారిపోతాయా? ఆమెకు రిమోట్‌తో సరిచేసుకోవడం రాదు.

జవాబు: మిర్యాలగూడ నుంచి కేబుల్ ఆపరేటర్

మారవు అమ్మా. సీరియళ్లు వచ్చే తెలుగు ఛానెల్‌లో ఉన్నది తెలుగు ధ్వని ఒక్కటే కనుక బాక్స్‌లో ఏ భాష పెట్టినా అక్కడ తెలుగే వినిపిస్తుంది. కొన్ని బాక్సుల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్కవరీ మళ్లీ మొదటి భాషకు పోతుంది. అటువంటప్పుడు మెనూలో మొదటి భాషగానే తెలుగు పెట్టి ఉంచండి, మీ అత్తమ్మ గారు రిమోట్ ముట్టుకోవలసిన అవసరం రాదు.