సీలింగ్ ధర ఉన్నా జనరిక్ స్ట్రిప్ మీద ఎంఆర్‌పీ ఎందుకు దిగదు?

కొత్తకౌంటర్:
మెడికల్ షాపు పెట్టే పనిలో ఉన్నాను. ఒకే మందు, ఒకే మోతాదు, రెండూ షెడ్యూల్డ్ మందులే, అంటే ప్రభుత్వం ధర కట్టే జాబితాలోవే. జనరిక్ స్ట్రిప్ హోల్‌సేల్‌లో ఎంఆర్‌పీలో అయిదో వంతుకే దొరుకుతోంది, కానీ దాని మీద వేసిన ధర మాత్రం పేరున్న బ్రాండ్‌కి దగ్గరగానే ఉంది. ప్రభుత్వం ధర కట్టాక ఇదెలా కుదురుతుంది? ఇంకోటి, కొన్ని చవక ఇంజెక్షన్లు ఆర్డరు పెట్టినా రావట్లేదు. దీనికీ ధర నియంత్రణే కారణమా?

రేటుకార్డు:
కుదురుతుందండీ. 2013 డీపీసీఓ, అంటే మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు, కట్టేది పై హద్దు మాత్రమే; సీలింగ్ అంటే అదే. పైగా 1995 ఉత్తర్వులోలాగా తయారీ ఖర్చు లెక్క ఇప్పుడు లేదు, మార్కెట్ రేట్ల సగటే ఆధారం.

ఊహించిన అంకెలతో చూడండి. రిటైలర్‌కి పడే ధర మాత్రకి ఎ బ్రాండ్‌ది 10 రూపాయలు, బి 8, సి 6, డి 4. సగటు 7. దానికి రిటైలర్ మార్జిన్ 16 శాతం కలిపితే 8.12. పది మాత్రలకి 81.20, 5 శాతం జీఎస్టీతో 85.26. అమ్మకాల్లో ఎ వాటా సగం ఉన్నా, డి వాటా రెండు శాతమే ఉన్నా లెక్కలో ఇద్దరూ సమానమే.

అసలు కిటుకు ఇక్కడుంది: వాటా ఒక శాతం కూడా లేనివాళ్లని సగటులోకి తీసుకోరు. మాత్ర రూపాయిన్నరకి ఇచ్చే ఇ అనే జనరిక్‌ని కలిపితే సగటు 5.90కి దిగేది. కలపరు కాబట్టి దిగదు. అదే ఇ, స్ట్రిప్ మీకు 15 రూపాయలకిచ్చి దాని మీద 80 వేసినా నియమం తప్పినట్టు కాదు. మెడికల్ రెప్‌లు లేని సరుకది, అమ్మిపెట్టేది మీరే. అందుకే ఆ తేడా అంతా మీ గల్లాపెట్టెకే, రోగికి దక్కేది మీరు ఇష్టపడి తగ్గించినంతే.

ఒకటి మాత్రం ఉంది. సీలింగ్ వచ్చేనాటికే అంతకన్నా తక్కువకి అమ్ముతున్న కంపెనీ తన ఎంఆర్‌పీని సీలింగ్ దాకా లాగకూడదు, ఉన్నదే కొనసాగించాలి.

బ్యాచ్‌నంబర్:
ఇంజెక్షన్ల సంగతి వేరు. ముడి మందు, వయల్, స్టెరైల్ లైన్ ఖర్చులు ఎప్పుడైనా పెరుగుతాయి. సీలింగ్ మాత్రం ఏటా ఏప్రిల్‌లో, టోకు ధరల సూచీ కదిలినంతే కదులుతుంది. 2023లో అది 12.1218 శాతం, 2024లో 0.00551 శాతం. ఆ రెండో అంకె పెంపు కాదు, లాంఛనం.

గిట్టకపోతే ఆపేయొచ్చు, కానీ ఆరు నెలల ముందే ఫారం 4 పెట్టి బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ప్రభుత్వం ఇంకో ఏడాది వరకూ తయారుచేయమనొచ్చు. ఆ తంటా ఎందుకని బ్యాచ్‌లు తగ్గించేస్తే కాగితం మీద మందు ఉంటుంది, గోడౌన్‌లో ఉండదు. ఇలాంటి వాటికే డీపీసీఓలో 19వ పేరా, అంటే ప్రత్యేక పరిస్థితుల్లో ధర మార్చే అధికారం, వాడతారు: 2024 అక్టోబరులో బెంజైల్ పెన్సిలిన్, అట్రోపిన్, లిథియం సహా ఎనిమిది మందుల సీలింగ్‌ని ఒకేసారి 50 శాతం పెంచారు.

కొత్తకౌంటర్:
అర్థమైంది. పారాసిటమాల్ 500కి ఉన్న సీలింగ్‌ని బట్టి 650కి లెక్క వేసుకోవచ్చా?

రేటుకార్డు:
వద్దండి. ప్రతి మోతాదుకీ విడిగా నోటిఫికేషన్ ఉంటుంది. మందుల ధరలు కట్టే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ వాళ్ల ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూసుకోండి. నోటిఫికేషన్‌లో ధర ఒక మాత్రకో ఒక మిల్లీలీటరుకో ఉంటుంది, జీఎస్టీ కలపకుండా. ఆ రెండూ మర్చిపోయి స్ట్రిప్ ధరతో పోల్చి "ఎక్కువేశారు" అని గొడవపడేవాళ్లే ఎక్కువ.

బ్యాచ్‌నంబర్:
పాత స్టాకుతో జాగ్రత్త. కంపెనీ పంపిన తాజా ధరల పట్టిక, స్ట్రిప్ మీది ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దానికే అమ్మాలి. 2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, అంతకుముందు ముద్రించిన స్ట్రిప్‌లు మీకొస్తే బిల్లు కొట్టేముందు పట్టిక తీయండి. ఆ పట్టిక షాపులో గిరాకీలకి కనపడేచోట పెట్టడం కూడా మీ బాధ్యతే.